ఖాళీగా ఉంచిన నత్త డబ్బా

కరోనా గొడవ సద్దుమణిగి షూటింగులు మళ్ళీ జోరందుకున్న రోజుల్లో, ఒక మాఘమాసంలో, నన్ను జూబిలీహిల్స్‌లోని ఒక పాత బంగళాకు సెట్ డ్రెస్సింగ్ పని మీద వేశారు. నేనప్పుడు ఆర్ట్ శాఖలో అసోసియేట్‌ని. ఈ హోదా గురించి ఒక ముక్క చెప్పాలి. పైన ఆర్ట్ డైరెక్టర్ ఉంటాడు, తెర మీద పేరు అతనిది. కింద అసిస్టెంట్లూ సెట్ పనివాళ్ళూ ఉంటారు, చెమట వాళ్ళది. మధ్యలో అసోసియేట్ ఉంటాడు, తిట్లు అతనివి. నేను ఉద్యోగమంతా ఆ మధ్యలోనే గడిపి రిటైరయ్యాను. అందుకు విచారమేమీ లేదు.

ఇల్లెంత అందంగా ఉన్నా ఉన్నదున్నట్టు కెమెరాకు పనికిరాదు. కథలో ఆ ఇంట్లో ఎవరు కాపురముంటారో వాళ్ళు వాడే సామానుతో గదులు నింపాలి. దాన్నే సెట్ డ్రెస్సింగ్ అంటారు. ఈ సినిమాలో హాలుకు ఒక పెద్ద అద్దాల షెల్ఫూ, దాని పైన హీరో తల్లి ఫోటో కావాలి. తల్లి కథ మొదలయ్యేసరికే పోయి ఉంటుంది.

బంగళా ఇందుమతమ్మ గారిది. ఒకప్పుడు ఆవిడ హీరోలకు తల్లిగా వేసి, ఇంటర్వెల్ లోపే చనిపోతుండేవారు. ఆ చావులు చూసి ఏడవని ఆడది ఆ రోజుల్లో ఆంధ్రదేశంలో లేదు. కొత్తవాళ్ళకు ఆవిడ పేరు తెలియదు, మొహమూ తెలియదు. యూసుఫ్‌గూడ నుంచి వచ్చి పోయే యాదమ్మ ఒక్కతే ఆవిడకు తోడు. షూటింగ్ జరిగినన్నాళ్ళూ ఆవిడ వెనక గదిలో ఉంటారనీ, హాలు మాకు వదిలేస్తారనీ ఒప్పందం.

మొదటి రోజు అనుమతులు అడగడానికి వెళ్తే ఆవిడ తన గదిలోని అల్మరా తెరిచి చూపించారు. నిండా పింగాణీ డబ్బాలు. ఫ్రాన్స్‌లో లిమోజ్ అనే ఊళ్ళో చేస్తారట. అరచేతిలో పట్టేంత ఉంటాయి. బేరిపండు, పిట్ట, బూటు, పియానో, ఒక్కొక్కటి ఒక్కో ఆకారం. మూతకూ అడుగుకూ ఇత్తడి అంచు, వెనక చిన్న కీలు, ముందు కొక్కెం. బేరిపండుకైతే కొక్కెం కూడా ఆకులా ఉంది. తిరగేస్తే అడుగున కుంచెతో వేసిన అక్షరాలు. పూర్వం అక్కడి దొరసానులు బుగ్గన పెట్టుకునే నల్లచుక్కలు వీటిలో దాచుకునేవారని ఆవిడే చెప్పారు. మన దిష్టిచుక్క లాంటిదే అన్నమాట. యూరప్‌లో పాట తీయడానికి వెళ్ళిన యూనిట్‌తో పాటు వెళ్ళినప్పుడు మొదటిది కొన్నారు. తరువాత ఏ యూనిట్ విదేశాలకు వెళ్ళినా ఒకటి తెమ్మని చెప్పేవారు.

"షెల్ఫ్‌లో ఇవి పెట్టుకోండి ప్రకాశం గారూ. నన్నెలాగూ పిలవరు, వీటినైనా చూపించండి. మూతలు మాత్రం ఎవరూ తీయకూడదు" అన్నారు.

ఎందుకని అడిగాను. ఆవిడ బేరిపండు మూత తానే తీసి చూపించారు. లోపల ఎండి నల్లబడిన ఒక బంతిపూరేక. మూసేసి పిట్టను తీశారు. దాంట్లోనూ అంతే.

ఇక్కడ మా పరిశ్రమ ఆచారం ఒకటి చెప్పాలి. చావు సీను చేసిన ఆర్టిస్టును అలాగే ఇంటికి పంపరు. డైరెక్టర్ కట్ చెప్పాక లేపి కూర్చోబెట్టి, కెమెరా మళ్ళీ తిప్పి, ఒక నవ్వు నవ్విస్తారు. ఆ ముక్క సినిమాలో ఉండదు. అయినా తీస్తారు. ఆఖరున కెమెరా చూసింది బతికున్న మనిషినే అయ్యుండాలని. నాకు ఇలాంటి నమ్మకాలంటే చిరాకు. కానీ ఆ నవ్వు షాట్ ఎగ్గొట్టిన యూనిట్‌ను మాత్రం నేను చూడలేదు.

ఇందుమతమ్మ గారు దానికి తన సొంతది ఒకటి కలుపుకున్నారు. నవ్వాక, శవం మీద వేసిన దండలోంచి ఒక రేక తెంపి ఇంటికి తెచ్చి డబ్బాలో మూసేవారు. "పోయింది దీంట్లో ఉంది. నవ్వింది నేను" అన్నారు, కాఫీలో పంచదార ఎంతో చెప్పినంత మామూలుగా.

ఒక్క డబ్బా ఖాళీ. తెల్ల నత్త, రంగుల్లేవు. అది దేనికని అడిగితే, దండ నిజంగా పడ్డ రోజుకని, యాదమ్మకు చెప్పి ఉంచానని అన్నారు. నేను నవ్వేసి, డబ్బాలన్నీ నా చేత్తోనే షెల్ఫ్‌లో సర్ది, మూతల సంగతి అందరి చెవినా వేసి, మర్నాడు ఫిల్మ్ నగర్‌లోని ప్రొడక్షన్ ఆఫీసులో మీటింగు ఉంటే వెళ్ళాను.

నేను లేని ఆ రోజు, తల్లి వేషానికి ఒప్పుకున్న నటి ఫోటో పంపలేదు. అటు హీరో వచ్చి కూర్చున్నాడు. మా ఆర్ట్ డైరెక్టర్ చక్రధర్ వసారా గోడ మీద ఒక పాత ఫోటో చూశాడు. నుదుట పెద్ద బొట్టుతో, జరీ చీరలో ఒక పడుచు. పాత ఇంట్లో పాత ఫోటో వేలాడుతోందంటే అది పోయినవాళ్ళదే అనుకోవడం మా శాఖ తెలివి. తీసి హాల్లో తగిలించి, బంతిపూల దండ వేసి, దీపం పెట్టించాడు. పక్కన కుంకుమ భరిణ ఉంటే బాగుంటుందనిపించి, తెల్లగా ఉన్న నత్త మూత తీసి నిండా కుంకుమ పోయించాడు. నా హెచ్చరిక అతని ఒక చెవిలోంచి వెళ్ళి రెండో చెవిలోంచి బయటికి పోయింది.

షాట్ జరుగుతుండగా ఇందుమతమ్మ గారు ఏదో పనికి బయటికి వచ్చి, హాలు గుమ్మంలో నిలబడి చూశారట. తన ఫోటోకు దండ, దీపం. దాని ముందు ఒక కుర్రాడు చేతులు జోడించి ఏడుస్తున్నాడు. ఆవిడ వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయారు.

ఇవన్నీ నాకు మర్నాడు ఉదయం సెట్‌కు వెళ్ళాక యాదమ్మ చెప్పింది. గేటు దగ్గరే నన్ను పట్టుకుంది.

"సార్, అమ్మ నిన్న పగటీలి సంది ఏం తింటలేదు. గోలీలు గూడ ఏసుకుంటలేదు. పిలిస్తె పలుకుతలేదు. నాకు బుగులైతుంది సార్."

డాక్టర్‌ను పిలవలేదా అన్నాను. వచ్చి చూసి పోయిండని చెప్పింది. నాడి ఆడుతోంది, కానీ అవి గుండె మందులు, మధ్యాహ్నంలోగా వేసుకోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళాలని, అప్పటికి ఎలా ఉంటుందో తాను చెప్పలేనని అన్నాడట.

గదిలోకి వెళ్ళాను. ఆవిడ మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. తల తిన్నగా, చేతులు పక్కన, పాదాల బొటనవేళ్ళు ఒకదానికొకటి ఆనించి. కళ్ళు మూసి ఉన్నాయి. ఛాతీ కదలడం లేదు. దగ్గరగా చూస్తే పొట్ట అడుగున, చీర కుచ్చిళ్ళ దగ్గర, చాలా మెల్లగా ఊపిరి ఆడుతోంది. అది నేను ఎరిగిన పద్ధతే. శవం వేషం వేసేవాళ్ళు కెమెరాకు కనపడకుండా అలాగే గాలి పీల్చుకుంటారు. నేను ఎన్నో శవాలను సెట్ మీద అలంకరించాను. ఇంత బాగా చేసినవాళ్ళను చూడలేదు.

అప్పుడు నాకు అర్థమైంది. దండ వేశారు, సీను మొదలైంది. ఆవిడకు కట్ వినపడలేదు. ఆవిడ కాలంలో డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి గొంతెత్తి అరిచేవాడు. ఇప్పటివాళ్ళు ఎక్కడో మానిటర్ ముందు కూర్చుని వాకీటాకీలో గొణుగుతారు. కట్ పడేదాకా శవం కదలకూడదు. మంచి ఆర్టిస్టు కదలదు.

"కట్" అన్నాను, గట్టిగానే. రెప్ప కూడా అదరలేదు. నాకు సిగ్గేసింది. అసోసియేట్ చెప్తే అది కట్ అవుతుందా! ఆ మాట డైరెక్టర్‌దే.

హాల్లో అప్పటికే షాట్లు మొదలయ్యాయి. సీను సగంలో ఉంటే ఆ గదిని హాట్ సెట్ అంటారు. పుల్ల కూడా కదపకూడదు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా రాకూడదు. చక్రధర్‌కు విషయం చెప్పాను. "ఆవిడదని నాకేం తెలుసు సార్, ఎవరో పోయినావిడ అనుకున్నా" అన్నాడు. డైరెక్టర్ కుర్రవాడు. దండ తీస్తే కంటిన్యుటీ పోతుందనీ, సీను అయ్యాక మాట్లాడదామనీ అన్నాడు.

కానీ సీను అవడం లేదు. ప్రతి షాట్‌లోనూ సౌండ్ రికార్డిస్టు చెయ్యెత్తుతున్నాడు. టిక్‌మని ఏదో చప్పుడు వస్తోందట. గడియారాలు ఆపారు, ఫ్యాన్లు ఆపారు. చివరికి చూస్తే నత్త మూత తెరుచుకుని ఉంది. కొక్కెం పెట్టి మూశాను. షాట్ మొదలైంది. హీరో చేతులు జోడించగానే టిక్. లైట్ల వేడికి ఇత్తడి సాగుతుంది, కొక్కెం జారుతుంది. నేనూ అదే చెప్పాను. మూతకు అంటుకునే టేపు వేశాను. మళ్ళీ టిక్ అంది. ఈసారి టేపు మూతకు అలాగే అంటుకుని ఉంది, మూత తెరిచి ఉంది, లోపల కుంకుమ ఎర్రగా కనిపిస్తోంది. హీరో లేచి కారవాన్‌లోకి వెళ్ళిపోయాడు.

"ఏం చేయాలి అంకుల్?" అన్నాడు డైరెక్టర్.

నేను అతన్ని వెనక గదికి తీసుకెళ్ళాను. మంచం పక్కన నిలబడి ఆ మాట ఒక్కటే అనమన్నాను. అతను "కట్" అన్నాడు.

ఇందుమతమ్మ గారు కళ్ళు తెరిచారు. లేచి కూర్చుని, పైట సర్దుకుని, "నవ్వు షాట్ ఎక్కడండీ?" అన్నారు. యాదమ్మ మందులు నోటి దగ్గర పెడితే తల తిప్పుకున్నారు. నవ్వు అయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరట.

తానే నడిచి హాల్లోకి వచ్చి, ఫోటో కింద నిలబడ్డారు. పైన దండ వేసిన పడుచు, కింద ఈవిడ. కెమెరా పెట్టారు. రోల్ అన్నారు. ఆవిడ నవ్వలేదు. అలాగే నిలబడి చెవి ఒగ్గి వింటున్నారు.

"తిరగట్లేదు బాబూ" అన్నారు చివరికి.

తిరుగుతోందమ్మా అని కెమెరామన్ బతిమాలాడు. ఇప్పటి కెమెరాలకు ఫిల్మ్ లేదు, రీలు లేదు, చప్పుడు లేదు. "నన్ను మోసం చేయకండి. తిరిగితే నాకు వినపడదా?" అన్నారు. డాక్టర్ పెట్టిన గడువు దగ్గర పడుతోంది. యాదమ్మ నా వైపు చూసి ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చేలా ఉంది, దాచుకోవడమెందుకు.

కాస్ట్యూమ్స్ వాళ్ళ కుట్టుమిషను వసారాలో ఉంది. దాన్ని మోయించుకొచ్చి కెమెరా వెనక, ఆవిడకు కనపడకుండా పెట్టించాను. టైలర్‌ను బట్ట పెట్టకుండా ఉత్తిగా తొక్కమన్నాను. గరగరమని మిషను తిరిగింది. ఆవిడ భుజాలు దిగాయి. గడ్డం పైకెత్తి, లెన్స్‌లోకి చూసి నవ్వారు.

ఆ నవ్వు పైన ఫోటోలో ఉన్న పిల్లది. ముసలి మొహం మీద అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. డైరెక్టర్ మానిటర్‌లోకి చూస్తూ ఉండిపోయాడు. కట్ చెప్పడం మరిచిపోయాడు. ఆవిడ నవ్వుతూనే ఉన్నారు, కన్నార్పకుండా. మిషను తిరుగుతూనే ఉంది. నేను అతని భుజం మీద చెయ్యి వేయాల్సి వచ్చింది.

కట్ పడ్డాక ఆవిడ కుర్చీలో కూలబడి, మందులు వేసుకుని, యాదమ్మ కలిపి పెట్టిన పెరుగన్నం తిన్నారు. తింటూ మామూలుగా అడిగారు: "ఏ సినిమాలో పోయానండీ?" పేరు చెప్పాను. తల ఊపారు.

దండ నేనే తీశాను. ఆవిడ ఒక రేక తెంపుకుని, నత్తలోని కుంకుమ ఒంపేయించి, అందులో వేసి మూశారు. కొక్కెం పడింది. ఆ తరువాత అది తెరుచుకోగా నేను చూడలేదు.

"నిజందానికని ఉంచుకున్నాను. అది కాస్తా మీ సినిమాకు ఖర్చయిపోయింది" అన్నారు.

మరొకటి తెప్పిద్దామమ్మా అన్నాను. "వద్దులెండి. చోటు లేదని తెలిస్తే రాదేమో" అన్నారు. అప్పటినుంచి ఆవిడ డబ్బాలు కొనడం మానేశారని యాదమ్మ చెప్పింది. ఆవిడ ఇవాళ్టికీ ఉన్నారు. వయసు ఎంతో యాదమ్మ చెప్పదు, నేను అడగను.

ఆ రోజు తీసిన నవ్వు యూనిట్ దగ్గర ఎక్కడో ఉండాలి, ఎవరూ మళ్ళీ వేసి చూసినట్టు లేరు. తల్లి ఫోటో మార్చి, అంతకు ముందు తీసిందంతా మళ్ళీ తీశారు. చక్రధర్ ఆ సినిమాతో జూబిలీహిల్స్ లొకేషన్లకు దణ్ణం పెట్టేశాడు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఇంతే. లొకేషన్‌లో దొరికిన ఫోటో ఎవరిదో, వాళ్ళు ఉన్నారో లేరో ఇంటివాళ్ళను అడగకుండా సెట్‌లో పెట్టకండి. దండ ఎవరైనా వేస్తారు. దాన్ని తీసే అధికారం ఎవరిదో, ఆ మనిషి సెట్ మీద ఉన్నాడో లేడో చూసుకుని అప్పుడు వేయండి.