నగరిలో బెల్లం తిన్న గోడ

ఈ ప్రయాణం కోపంతో మొదలైంది. నేను సెంట్రింగ్ పనివాణ్ణి. కాంక్రీటు పోసే ముందు చెక్కలతో, రేకులతో అచ్చు కట్టేది మేమే. తిరుపతిలో ఒక కాఫీ షాపు పనిలో ఉండగా, దాని యజమాని మామూలు ఇటుక గోడకు నున్నగా పూత పెట్టించి, మీద బూడిద రంగు వేయించి, చెక్క గీతలు గీయించాడు. బోల్టు గుంటలు కూడా వేలితో నొక్కించాడు. ఎందుకు సార్ అంటే ఫోన్లో ఏవో విదేశీ భవనాలు చూపించి, ఇప్పుడు ఇదే ఫ్యాషను, బ్రూటలిజం అన్నాడు. నిజం కాంక్రీటు పోస్తే ఆ గుర్తులు ఊరికే పడతాయి, మా చేతుల మీదుగా. దొంగ గుర్తుల కోసం వేరే పెయింటర్‌ను పిలిచాడు.

ఆ మాట పట్టుకుని వారమంతా ఫోన్లో చదివాను. పచ్చి కాంక్రీటు అనే అర్థం వచ్చే ఫ్రెంచి మాట నుంచి ఆ పేరు వచ్చిందట. రెండో ప్రపంచ యుద్ధంలో ఊళ్లకు ఊళ్లు కూలిపోయాక, జనానికి త్వరగా ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కావాల్సి వచ్చాయి. పూత లేకుండా, రంగు లేకుండా కాంక్రీటును ఉన్నదున్నట్టు వదిలేశారు. మన దేశంలో చండీగఢ్‌కీ అహ్మదాబాద్‌కీ ఆ గాలి వీచింది. తర్వాత వాన మరకలు పట్టాయి. జైళ్లలా ఉన్నాయని జనం తిట్టారు, చాలావాటిని కూల్చేశారు. ఇప్పుడు మళ్లీ కుర్రకారు వాటి ముందు ఫొటోలు దిగుతోంది, కొన్నిచోట్ల కూల్చొద్దని పోట్లాడుతోంది. నాకు మాత్రం ప్రతి ఫొటోలోనూ ముందు చెక్క గీతే కనిపించేది. ఆ చెక్కకు ఎవడో ఒకడు మేకు కొట్టి ఉంటాడు. వాడి పేరు ఎక్కడా లేదు.

అదే వారంలో మా మేస్త్రీ నగరిలో ఒక పని ఒప్పుకున్నాడు. ఒక చేనేత సహకార సంఘం పాత హాలు, నాలుగు వైపులా పూత లేని కాంక్రీటు గోడలు. సోమవారం నుంచి సుత్తి, ఉలి పట్టుకుని వాటి నిండా గాట్లు పెట్టాలి, పూత పట్టేలా. ఆ తర్వాత సిమెంటు పూసి కప్పేయాలి. గాట్లు పెట్టేవాళ్లలో నేనూ ఉన్నాను. ఇక్కడ దొంగది గీస్తున్నాం, అక్కడ నిజమైనదాన్ని మూసేస్తున్నాం. చేతిలో సుత్తి లేకుండా ఒక్కసారి చూడాలనిపించి ఆదివారం బయల్దేరాను.

తిరుపతి బస్టాండులో ఆరున్నరకు పుత్తూరు మీదుగా పోయే చెన్నై బస్సు ఎక్కాను. నగరికి టికెట్టు వంద లోపే, ప్రయాణం రెండు గంటలకు కాస్త తక్కువ. చలికాలం కావడంతో వడమాలపేట దాటాక కొండల నడుముకు మంచు చుట్టుకుని ఉంది. కిటికీ అద్దం మీద ఊపిరి పేరుకుని, తుడిచే కొద్దీ పొలాలు కనిపించి మళ్లీ కరిగిపోతున్నాయి. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పేరుపడ్డ పుత్తూరులో, చేతికి తువ్వాలు కట్టుకున్న ఒకాయన దిగుతుంటే, బస్సు పూర్తిగా ఆగేదాకా కండక్టర్ ఆయన భుజం వదల్లేదు. "నిదానంగా దిగప్పా, రెండో చెయ్యి కూడా ఇరిగితే కట్టేవోడు నిన్ను గుర్తుపెట్టుకుంటాడు" అన్నాడు. బస్సంతా నవ్వింది, చెయ్యి విరిగినాయనతో సహా. కాసేపటికి మంచులోంచి నగరి ముక్కు కొండ బయటికొచ్చింది. వెల్లకిలా పడుకున్న మనిషి ముక్కులా, నిద్ర లేవడం ఇష్టం లేనట్టు ఉంది.

బస్టాండు నుంచి హాలుకు పది నిమిషాల నడక. దారి పొడుగునా ఇళ్లలోంచి పవర్‌లూమ్‌ల చప్పుడు, పెద్ద వాన రేకుల మీద పడుతున్నట్టు. హాలు మూడు గోడల మీద మామిడి చెక్క పోగులు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. ముళ్లు, చీలికలు, మేకు తలలు, అన్నీ రాయిలో. వీధి వైపు ఉన్న నాలుగో గోడ వేరేలా ఉంది. పై పొర అడ్డగోలు పట్టీలుగా ఊడిపోయి, లోపలి గులకరాళ్లు బయటికి వచ్చి, పొద్దుటి ఎండలో తడి ఏటి గర్భంలా మెరుస్తోంది. ఎంతసేపు చూశానో తెలీదు. ఇంత అందమైన గోడను నేను ఫోన్లో కూడా చూడలేదు.

గోడకు ఎదురుగా మునెమ్మ అనే ఆమె టిఫిన్ హోటల్ నడుపుతోంది. రెండు బల్లలు, ఒక పొయ్యి. ఇడ్లీ ప్లేటు ముప్పై. వయసు అరవై దాటి ఉంటుంది.

"అమ్మవారు పోసిన మొగం మాదిరుండే గోడని సూసేదానికి తిరపతి నించి వచ్చినావా? పనీపాటా లేదా సామీ నీకు?" అంది.

పనే అక్కా, రేపు దానికి గాట్లు పెట్టేది నేనే అన్నాను.

"అట్లయితే ఇంకో రెండిడ్లీ తిను. బాగా కొట్టల్ల. ఒక్క రాయి కూడా కనపడకూడదు."

ఎందుకంత పగ అని అడిగితే, చట్నీ వేస్తూ కొంత, గిన్నెలు కడుగుతూ కొంత చెప్పింది. వాళ్ల నాయనకు చెరుకు తోట, బెల్లం గానుగ ఉండేవట. హాలు కట్టేటప్పుడు ఆయన సంఘం కమిటీలో ఉన్నాడు, సిమెంటు గది తాళం ఆయన దగ్గరే. ఆఖరి గోడకు చెక్కలు చాలకపోతే, గానుగ దగ్గర పాకం పోసి ఆరబెట్టే మామిడి పలకలు తెచ్చి ఇచ్చాడు. అచ్చు విప్పితే గోడ పై పొరంతా పలకలతో పాటే ఊడి వచ్చింది. సిమెంటు అమ్ముకుని ఇసుకతో పోయించాడని ఊరంతా చెప్పుకుంది. ఆయన కమిటీ మానేశాడు, పోయేదాకా ఈ వీధిలో అడుగు పెట్టలేదు. బడిలో ఈమెను సిమెంటు మింగినోడి కూతురు అని పిలిచేవాళ్లు. స్థలం దొరికింది ఇక్కడే కాబట్టి ఇక్కడే హోటల్ పెట్టుకుంది, రోజూ ఆ గోడను చూస్తూ. ఇన్నేళ్లు వెంటపడితే ఇప్పటికి పూతకు ఒప్పుకున్నారట.

నాకు పాకం అన్న మాట దగ్గరే అనుమానం వచ్చింది. ఆ పలకలు కడిగి వాడారా అని అడిగాను.

"కడిగేదెందుకు? సున్నంలో బెల్లం నీళ్లు కలిపితే గోడ ఇనుమంట కదా. అంటుకోనుండే పాకం మంచిదేలే, బలం అనినాడు మా నాయన."

మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. కప్పు పోసే రోజు టెంకాయ కొట్టి, బెల్లం పెట్టి మొక్కుతాం. కానీ ఆ బెల్లం చెక్కల మీద పడనివ్వరు. ఎందుకని అడిగితే మా మేస్త్రీకీ తెలీదు, పెద్దోళ్లు చెప్పినారు అంటాడు. నేను వెతికి చదివాను. సున్నానికి బెల్లం బలమే. సిమెంటుకు మాత్రం తీపి తగిలితే అది గట్టిపడడం మానేస్తుందట.

"మీ నాయన సిమెంటు తినలేదక్కా. గోడే బెల్లం తినింది" అన్నాను.

ఆమె నవ్వలేదు. "ఎగతాళి చెయ్యొద్దు సామీ. శానా సూసినాను."

రెండు టెంకాయ చిప్పలు, చిన్న బెల్లం ముక్క అడిగాను. హాలు వరండాలో రేపటి పూత కోసం సిమెంటు బస్తాలు దించి ఉన్నాయి. చినిగిన బస్తా కింద రాలినది గుప్పెడు తెచ్చి, ఒక చిప్పలో మామూలు నీళ్లతో, ఇంకో చిప్పలో బెల్లం నీళ్లతో కలిపి, ఆమె గట్టు మీద పెట్టాను. సాయంత్రం చూద్దాం అన్నాను. నిజం చెప్పాలంటే నాకు భయం వేసింది. చదివానే గానీ ఎప్పుడూ చేసి చూడలేదు. రెండూ గట్టిపడితే, ఆమెను వెక్కిరించినవాళ్లలో నేనూ ఒకణ్ణి అవుతాను.

మధ్యాహ్నం హాల్లో గడిపాను. పైన సన్నటి సందుల్లోంచి ఎండ పట్టీలుగా దిగి నేల మీద మెల్లగా నడుస్తోంది. ముగ్గురు నేత పనివాళ్లు గోడవార కునుకు తీస్తున్నారు. కప్పు కింద వేడి పొయ్యిలా ఉంది. ఫొటోల్లో ఆ వేడి కనపడదు. నేనూ పడుకున్నాను. పక్క వీధుల మగ్గాల మోత గోడల్లోంచి వచ్చి నా వెన్నులో దూరుతోంది. సగం నిద్రలో, ఆ గోడలన్నీ మళ్లీ మామిడి తోటగా మారినట్టు, చెట్ల కాండాల మీద మేకు తలలు మెరుస్తున్నట్టు కనిపించింది. ఎవరో తోటలో పాకం కాస్తున్నారు. ఆ తీపి వాసన నిజమే, మునెమ్మ పొయ్యి మీద ఏదో ఉడుకుతోంది.

లేచి వెళ్లేసరికి నాలుగు దాటింది. మునెమ్మ చిప్పల ముందే నిలబడి ఉంది, ముట్టుకోలేదు. మొదటిదాన్ని గోరుతో గీకింది. గోరు జారింది. రెండోదాంట్లో వేలు పెట్టింది. వేలు దిగబడింది. తీయకుండా అలాగే నిలబడింది.

అప్పుడే సంఘం అధ్యక్షుడు టీకి వచ్చాడు. "ఏంది మునెమ్మా, కొత్త పచ్చడా?" అన్నాడు. ఆమె చెప్పింది. "మా నాయన" అన్న దగ్గర ఆగితే నేను అందుకోబోయాను, చేత్తో వద్దంది. ఆయన కూడా వేలు పెట్టి చూశాడు. చాలాసేపు వేలు తుడుచుకున్నాడు.

"మా నాయనా అనినాడమ్మా, సిమెంటు మింగినోడని. మీ నాయన్ని" అన్నాడు. తర్వాత, "నువ్వే కదా పూత పూత అని నా పానం తీస్తివి" అన్నాడు.

"ఆ మూడిటికీ పూయించుకో అన్నా. కప్పుకీ ఏదన్నా చెయ్యి, లోపల మనుషులు ఉడికిపోతా ఉండారు. ఈ గోడ జోలికి రావద్దు."

ఆయన టీ తాగి, గ్లాసు పెట్టి, "సరే, మూడే" అని వెళ్లిపోయాడు.

సోమవారం మూడు గోడలకు గాట్లు పెట్టాం. వాటిలో ఒకదాని మీద చెక్క ముడి ఒకటి కంటి పాపలా ఉండేది. దాని మీద ఉలి పెట్టింది నేనే. ఆ మంట ఇంకా ఉంది. పూత లేని గోడ ఏమీ దాచదని, అదే దాని నిజాయితీ అని గొప్పవాళ్లు రాశారు. ఈ గోడ కూడా ఏమీ దాచలేదు, అయినా ఊరు దాన్ని చూస్తూనే ఒక మనిషిని దొంగను చేసింది. మా పనివాళ్ల గీతల్ని చదివేవాళ్లు కావాలి, గోడకు గీతలుంటే చాలదు. కాఫీ షాపుల్లో వేలితో నొక్కిన గుంటల్ని చదవడానికి ఏముంది?

వెళ్లాలనుకుంటే మూడున్నర తర్వాత వెళ్లండి. గోడ దక్షిణం వైపు ఉంది కాబట్టి చలికాలం ఎండ పక్క నుంచి జారి ఒక్కో రాయికీ నీడ పడుతుంది. చెన్నై వైపు నుంచి రైల్లో వచ్చేవాళ్లు ఏకాంబరకుప్పంలో దిగాలి. మునెమ్మక్క దగ్గర టీ తాగండి, గోడ గురించి మీరు అడగక్కర్లేదు, ఆమే మొదలుపెడుతుంది. "మా నాయన" అన్న దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగుతుంది. అప్పుడు మాత్రం ఫోన్ జేబులో పెట్టుకోండి.