మైకు తీగ అందని చోటు

మురుగునీటి నాలా వెడల్పు చేయడంపై ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారని తెలియగానే మూడు పేజీలు రాసుకున్నాను. నా నోటికి జడిసి చెత్తబండి కూడా వేళకు వస్తుందని మా కాలనీలో పేరు. ఆ పేరంటే నాకు గర్వంగానే ఉండేది.

నాలాకు ఇటు మా కాలనీ, అటు కూలివాళ్ల రేకుల ఇళ్లు. వరద వచ్చిన ఏడాది నీళ్లు అందరినీ ముంచాయి. అప్పుడు అటువైపు నుంచి ఒకామె ఇద్దరు కూతుళ్లతో మా డాబా ఎక్కింది. నాలుగు రోజులు ఒకే పొయ్యి మీద వండుకున్నాం. ఎనుమాముల మార్కెట్లో మిరపకాయల తొడిమెలు తీసే పని ఆమెది. నాకంటే పెద్దదైనా నన్నే అక్కా అనేది.

అధికారుల మొదటి పటంలో నాలాను రెండు పక్కలా సమంగా తవ్వుతామని గీత గీసి ఉంది. ఇటు మా ప్రహరీలు పోతాయి, అటు వాళ్ల వసారాలు.

"వసారా పోతే పోనీ అక్కా, ఇల్లు ఉంటది గద. గీత గిట్లనే ఉంచుండ్రని మీటింగుల చెప్త" అంది ఆమె.

సభ పగలు పదకొండు గంటలకు, ఒక ఫంక్షన్ హాల్లో. మిర్చి సీజన్‌లో ఆ వేళకు అటువైపు వాళ్లెవరూ ఇంటి దగ్గర ఉండరు. ఆ సంగతి నేను ఎత్తి ఉండాల్సింది. నోటీసులో అక్షరదోషాలు మాత్రం ఎత్తాను. ఆమె ఒక్కతే పని మధ్యలో వదిలి, యార్డు నుంచి నేరుగా వచ్చి నా పక్కన కూర్చుంది. చీర నిండా మిరప ఘాటు. మా వరుసంతా దగ్గు మొదలైంది.

కాలనీ సంఘం పెద్దాయన ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. "ఏందమ్మా, మీటింగ్ కాకముందే మా పానాలు తీస్తవా?"

"మిర్చి తినంగ రాని దగ్గు ఇప్పుడెందుకు వస్తాంది సార్?" అని ఆయన నోరు మూయించాను. అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె వైపు తిరిగి, "నువ్వు జర వెనుక కిటికీ కాడ కూసో, గాలి తగుల్తది" అన్నాను.

"మంచిదక్కా" అని లేచి వెళ్లింది. ఆమె మంచికే చెప్పానని చాలాకాలం అనుకున్నాను. నాకూ దగ్గు వస్తోందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

మైకులో చెప్పిన మాటలే రికార్డులో రాస్తామన్నారు. మైకు తీగ మూడో వరుస దాకే వచ్చింది. నా వంతు రాగానే ప్రహరీల గురించి, బోర్ల గురించి, మేం కట్టే పన్నుల గురించి వాదించాను. చివరికి, "గీత అటు జరపండి సార్, అటు ఖాళీ జాగా ఉంది కదా" అన్నాను. ఆ జాగా వాళ్ల ఇళ్ల వెనుక ఉంది. ఇళ్లు దాటితే గానీ రాదు. నాకు తెలియదా? హాలంతా చప్పట్లు. కూర్చుంటూ చూస్తే, కిటికీ దగ్గర ఒక చెయ్యి లేచి ఉంది. వంతు వస్తుందిలే అనుకున్నాను. భోజనాల వేళైందని సభ ముగించారు. వెళ్లేవాళ్ల చేత రిజిస్టర్లో సంతకాలు తీసుకుంటుంటే ఆమె వెనకాడింది. "వచ్చినట్టు గుర్తు, గంతే" అని నేనే పెట్టించాను.

కొత్త పటంలో గీత మొత్తం అటే జరిగింది. కింద 'ఇరువైపుల ప్రజల సమ్మతితో' అని రాసి, ఆ సంతకాలు జతచేశారు.

ఆ వారమే ఆమె మా ఇంటికి వచ్చింది. "అక్కా, గంతసేపు మాట్లాడినవ్ గద, మా ఇండ్ల ముచ్చట చెప్పినవా?"

"చాయ్ తాగుతవా?" అన్నాను.

"వద్దక్కా. బిడ్డలు సామాన్లు సదురుతాన్రు."

తర్వాత వాళ్ల ఇళ్ల కోసం నేను అర్జీలు రాశాను. అభ్యంతరాల గడువు ముగిసిందని జవాబు వచ్చింది. ఆమె ఇప్పుడు వర్ధన్నపేట దారిలో ఎక్కడో కిరాయికి ఉంటోందట. మార్కెట్‌కు రెండు ఆటోలు మారాలట.

ఈ వానాకాలం మా వీధిలోకి నీళ్లు రాలేదు. సంఘం వాళ్లు నాకు శాలువా కప్పుతామన్నారు. వద్దన్నాను.

"ఏం మేడమ్, గిందుల గూడ కొట్లాటేనా?" అని పెద్దాయన నవ్వాడు.

కొట్లాడలేదు. కప్పించుకున్నాను.