శాంతి కుమార్ రాయని ముగింపు

శాంతి కుమార్ పోయిన సంగతి సవితకు పేపరు జిల్లా పేజీలో కనిపించింది. బోధన్‌కు చెందిన సైన్స్ కథల రచయిత గుండెపోటుతో మరణించారని, వచ్చే ఆదివారం అక్కడి గ్రంథాలయంలో పాఠకులు సంస్మరణ సభ పెడుతున్నారని నాలుగు వాక్యాల్లో రాశారు. పక్కన ఒక పాత ఫొటో. సవిత ఆ పేజీ మడిచి బీడీలు చుట్టే తునికాకు కట్టల కింద పెట్టింది. అత్తకు తెలియకుండా ఉంటే బాగుండుననుకుంది.

సాయంత్రానికే అత్త భీమవ్వకు తెలిసిపోయింది. పక్కింటి దీక్షిత ఫోన్‌లో చూసి చెప్పింది.

"మనం పోవాలె," అంది భీమవ్వ.

"బోధన్ దాకా ఏడ పోతవత్తా? మోకాళ్లు నొస్తున్నయని పొద్దుగాల్నే అంటివి."

"లింగవ్వను బతికిచ్చిన మనిషి పోయిండు. మనం పోకుంటె ఎట్లనే?"

లింగవ్వను బతికించింది శాంతి కుమార్ కాదు, సవితే. ఆ సంగతి ఇరవై ఏళ్లుగా తనకొక్కదానికే తెలుసు.

ధర్పల్లి నుంచి నిజామాబాద్‌కు కోడలిగా వచ్చేనాటికి సవిత పదో తరగతి పాసైంది. పెళ్లయిన ఏడాదికే భర్త మహేందర్ మస్కట్ వెళ్లాడు. ఇంట్లో అత్తా కోడళ్లు మిగిలారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక గల్లీలోని ఆడవాళ్లు చాటలు పట్టుకొని వాళ్ల అరుగు మీదికి వచ్చేవారు. అందరూ బీడీలు చుడుతుంటే సవిత వారపత్రిక చదివేది. చదివినంతసేపు ఆమె చేతులు ఆగిపోతాయి కాబట్టి, లేచేముందు ఒక్కొక్కరు తాము చుట్టిన వాటిలోంచి పిడికెడు బీడీలు ఆమె చాటలో వేసి పోయేవారు. ఆ ఏర్పాటు భీమవ్వదే.

వంటలు, రాశిఫలాలు, పేరంటాల కథలు అన్నీ చదివించుకున్నారు గానీ, వాళ్లు ఎదురుచూసింది శాంతి కుమార్ సీరియల్ కోసం. ఆయన బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పాకం వండే దగ్గర పనిచేసేవాడు. ఆయన కథల్లో మనుషులు చుక్కల దాకా పోతారు, జొన్నరొట్టెలు మూట గట్టుకొని పోతారు. గ్రహాల మధ్య కూడా "గదేందిరా" అనే మాట్లాడుకుంటారు. అరుగు మీది ఆడవాళ్లకు రాకెట్ ఎట్లా లేస్తుందో తెలియదు. ఆ మనుషులు మాత్రం బాగా తెలుసు.

సీరియల్ పేరు 'దూరపు చెరుకు'. మంజీర అనే ఓడలో కొన్ని కుటుంబాలు చెరుకు ముచ్చెలు, అంటే నాటే ముక్కలు, తీసుకొని వేరే గ్రహం మీద సాగు చెయ్యడానికి బయలుదేరతాయి. దారి చాలా దూరం కాబట్టి అందరినీ నిద్రపుచ్చుతారు. ఓడను కనిపెట్టుకొని లింగవ్వ ఒక్కతే మేలుకొని ఉంటుంది. నడిదారిలో గాలి యంత్రం పాడవుతుంది. ఉన్న గాలి నిద్రపోయేవాళ్ల వరకే చాలుతుంది. తను బతికితే వాళ్లు చస్తారు. తను లేకపోతే ఓడను దించేవాళ్లు లేరు. లింగవ్వ పడుకున్న పిల్లల ముఖాలు చూస్తూ నిలబడింది. ఆ వారం అక్కడ ఆగింది.

తర్వాతి వారం పత్రిక రాలేదు. సవిత బస్టాండ్ దగ్గరి దుకాణానికి పోయి అడిగింది.

"బందైందమ్మా, ఇగ రాదు," అన్నాడు దుకాణదారు.

ఆ వారమే మస్కట్ నుంచి ఫోన్ రాలేదు. మహేందర్ ఉండే క్యాంపులో ఏదో గొడవ జరిగిందని గల్లీలో అనుకున్నారు. భీమవ్వ రెండు రోజులు సరిగా తినలేదు. మూడో రోజు మధ్యాహ్నం చాట ముందేసుకొని, "లింగవ్వ ఏమాయెనో చదువు బిడ్డా," అంది. అరుగు నిండా జనం. సవిత లోపలికి వెళ్లి ఒక పాత సంచిక తెచ్చి, అట్ట వెనక్కి మడిచి, అందులో చూస్తూ తనకు తోచింది చదివినట్టు చెప్పింది.

లింగవ్వ చెరుకు ముచ్చెల మూట విప్పింది. "ఆకు గాలి ఇస్తది గద," అనుకుంది.

"మట్టేది మరి, ఓడల?" అని ఒకామె అడిగింది.

"గది వచ్చే వారం ఉంటది," అంది సవిత. వారమంతా ఆలోచించి, లింగవ్వ చేత దుప్పట్లు తడిపించి వాటి మీద ముచ్చెలు పరిపించింది. దీపాల కింద మొలకలొచ్చాయి. ఇంకో వారం ఆకులు లేచాయి. ఈలోగా మహేందర్ ఫోన్ చేశాడు, క్షేమమే. గొడవ వేరే క్యాంపులో జరిగింది. అయినా కథ ఆపడానికి లేదు. లింగవ్వ ఒక్కొక్కరినీ లేపింది. ఓడ దిగింది. అరుగు మీద అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

"గీ బొమ్మ ఎప్పుడో సూసినట్లుందే," అని భీమవ్వ ఒకసారి పత్రిక వైపు వంగింది. సవిత పేజీ తిప్పేసింది.

ఆదివారం అత్తా కోడళ్లు బోధన్ బస్సెక్కారు. గ్రంథాలయంలో కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకొని నిలబడ్డారు. శాంతి కుమార్ భార్య ఎస్తర్ ముందు వరుసలో కూర్చుంది. పాఠకుల వాట్సాప్ గ్రూపు నడిపే సురేందర్ ఒక్కొక్కరినీ పిలిచాడు. ఆత్మారాం అనే చెరుకు రైతు నవ్వుకుంటూ చెప్పాడు. ఫ్యాక్టరీ బందైనంక శాంతి కుమార్ రిపేరు దుకాణం పెట్టాడట. మిక్సీ బాగు చేయించుకుందామని పోతే, చంద్రుని మీద ఆకాశం నల్లగా ఎందుకుంటదో పొద్దుగూకేదాకా చెప్పాడట. "మిక్సీ గట్లనే వాపస్ తెచ్చుకున్న. మా ఇంటామె తిట్టింది. నేను మాత్రం మల్లా పోయిన," అన్నాడు. రిటైరైన సైన్సు సారు రాజేశ్వర్ ఆయన కథలు పట్టుకొనే పిల్లలకు పాఠాలు చెప్పానన్నాడు.

అప్పుడు భీమవ్వ లేచింది. సవిత కొంగు పట్టుకున్నా ఆగలేదు.

"నాకు చదువు రాదు," అంది మైకులో. "ఆయన రాసింది విన్న. లింగవ్వ దుప్పట్ల మీద చెరుకు పెట్టి అందర్ని బతికిచ్చింది గద, గది ఇన్నంక నాకు మస్తు ధైర్యమొచ్చింది. అప్పుడు నా కొడుకు మస్కట్ల ఉండె."

హాలులో గుసగుసలు మొదలయ్యాయి. సురేందర్ మెల్లగా అన్నాడు. "అవ్వా, ఆ నవల పూర్తి కాలేదు. పత్రిక ఆగిపోయింది. ముగింపు ఎవ్వరం చదువలే."

"ఎట్ల గాలే? మా కోడలు చదివింది. నేనిన్న."

అందరూ సవిత వైపు తిరిగారు. ఆమె లేచి నిలబడింది.

"పత్రిక బందైంది. మా అత్తోళ్లు ఆగేటట్టు లేరు. నాకు తోచింది చెప్పిన. తప్పయితే మాఫ్ చెయ్యుండ్రి."

ఎవరూ మాట్లాడకముందే రాజేశ్వర్ సారు చెయ్యెత్తాడు. "ఆలోచన మంచిదే గని, దుప్పట్ల మీది చెరుకు అంత గాలి ఇయ్యదమ్మా. ఎకరాలు కావాలె."

"నాకు ఎరుకలేదు సార్," అంది సవిత. "లింగవ్వ సచ్చిపోయిందంటె వీళ్లు నన్ను ఇంట్లకు రానియ్యకపోతుండె."

హాలంతా నవ్వింది. ఎస్తర్ కూడా నవ్వి, కళ్లు తుడుచుకొని, సవిత దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఆయనకు కూడ ముగింపు దొరకలే," అంది. "లింగవ్వను సంపాలనే మొదలువెట్టిండు. ఆడిదాక వచ్చినంక చెయ్యి రాలే. 'పత్రిక బందై నన్ను కాపాడింది ఎస్తర్' అనేటోడు. పుస్తకం వేస్తమని ఎందరడిగినా ఇయ్యలే. నువ్వు చెప్పింది ఇంటే సంబురపడుతుండె."

తిరుగు బస్సులో నిజామాబాద్ దగ్గర పడ్డాక భీమవ్వ అడిగింది.

"'నేనే అల్లి చెప్తున్న' అని నువ్వంటె అప్పుడు మేం నమ్మకపోతుంటిమి. గది నాకు సమజైతంది. గని నాకొక్కదానికన్న చెప్పొద్దా?"

"చెప్దామనే అనుకున్న అత్తా. రోజులు పోయినకొద్ది నోరు రాలే."

భీమవ్వ కోపం రెండు రోజులుంది. తర్వాత గల్లీలో ఇంటింటికీ పోయి, లింగవ్వను బతికించింది నా కోడలేనని తానే చెప్పుకొచ్చింది.

సభకు వచ్చినవాళ్లు 'దూరపు చెరుకు'ను పుస్తకంగా వేద్దామనుకున్నారు. ముగింపు సవితే రాయాలని ఎస్తర్ పట్టుబట్టింది. సవిత కూర్చొని రాసి చూసింది. పెన్ను పట్టుకుంటే లింగవ్వ బడిపంతులమ్మలా మాట్లాడింది. చించేసింది. చివరికి సురేందర్ వచ్చి అరుగు మీద ఫోన్ పెట్టాడు. ఆడవాళ్లను పిలిచి చుట్టూ కూర్చోబెట్టారు. ఈసారి సవిత చేతిలో పత్రిక లేదు. బీడీలు చుడుతూనే చెప్పింది. మధ్యలో వాళ్లు అడిగిన ప్రశ్నలు కూడా రికార్డయ్యాయి. అవీ తీసెయ్యొద్దంది ఎస్తర్.

పుస్తకంలో శాంతి కుమార్ రాసిన భాగం అయిపోయిన చోట ఒక గీత గీసి, "ఇక్కడి నుంచి సవిత చెప్పినది" అని వేశారు. ఆఖరి పేజీలో రాజేశ్వర్ సారు తన అభ్యంతరం రాశాడు. దాన్ని దీక్షిత చదివి వినిపిస్తే భీమవ్వ ఒప్పుకోలేదు.

"సారుకు ఏమెరుక? ఆయన ఓడ ఎక్కిండా?" అంది.

ఎస్తర్ ఇప్పుడు ఏదైనా పని మీద నిజామాబాద్ వస్తే వాళ్లింట్లో దిగకుండా పోదు. పుస్తకాల గురించి వాళ్లు ఎక్కువ మాట్లాడుకోరు. ఎస్తర్‌కు షుగరు, భీమవ్వకు మోకాళ్లు. ఆ ముచ్చట్లే బస్సు టైమయ్యేదాకా సరిపోతాయి.