అన్నకు జరిగిన సన్మానం

చైనా యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది నాకు పదహారేళ్లు. మంచుకొండల్లో గాయపడిన ఆఫీసరును వీపున మోసుకొచ్చి బతికించినందుకు మా అన్నకు పులివెందులలో సన్మానం చేశారు. దండలు వేయడం అయ్యాక సింహాద్రిపురం నుంచి వచ్చిన ఒక ముసలమ్మ అన్న దగ్గరికొచ్చింది. ఆ రోజు అక్కడ గాయపడింది ఇద్దరని, రెండోవాడు ఆమె కొడుకని అప్పుడే మాకు తెలిసింది.

"నాయనా, నువ్వు వస్తాంటే మావాడు నిన్ను పిలిసినాడా?" అని అడిగింది.

"లేదమ్మా. అప్పటికే పాణం పోయింది" అన్నాడు అన్న.

ఆమె అతని చేతులు కళ్లకద్దుకుని వెళ్లిపోయింది.

ఇంటికి తిరిగొచ్చే బస్సులో అన్న, జమ్మలమడుగు దగ్గరపడుతుండగా, "పిలిసినాడు పాపా. శానాసేపు పిలిసినాడు. ఇద్దర్ని మోయలేక, నేను తిరిగి గూడా సూడలేదు" అన్నాడు.

ఇప్పటికీ ఎవరైనా అన్న ధైర్యాన్ని పొగడడం మొదలుపెడితే నేను అక్కడ కూర్చోలేను.