మొప్ప చూసి ఎంచుకున్న లైటు

ముందే చెప్పేస్తున్నాను, నేను ఏ సంగతి చెప్పినా దానికి కాస్త గాలి కొట్టి చెబుతాను. శామీర్‌పేటలో నా లైట్ల దుకాణం మొత్తం సామాను రెండు ఆటోలకు సరిపోతుంది. అయినా సాయంత్రం అన్ని లైట్లూ వేస్తే, హకీంపేటలో దిగాల్సిన విమానాలు మా షట్టరు ముందు దిగబోతాయని ఊరంతా చెప్పుకు తిరుగుతుంటాను. నమ్మగలిగినంత నమ్మండి, మిగతాది నాకు వదిలేయండి.

నిరుడు వానాకాలం సంగతి ఇది. తూంకుంటలో యాదగిరి తన పాత ఇంటిని బాగు చేయిస్తున్నాడు. వాళ్లది తరాలుగా చెరువులో వల వేసిన కుటుంబం. అతనికి ఇప్పుడు కరీంనగర్ రోడ్డు మీద చేపల దుకాణం ఉంది. మనిషి తలుపులో పట్టడు, పక్కకు తిరిగి రావాలి. అటువంటివాడు ఎండు రొయ్యలా ముడుచుకుపోయి నా కౌంటరు ముందు నిలబడ్డాడు.

"అన్నా, ఇంట్ల లైటు మస్తుగున్నది. ఇంటామెనే లేదు," అన్నాడు.

"ఎటు పోయింది?"

"ఇంటి పని మొదలైనప్పటిసంది కీసరల వాళ్ల అక్కింటికాడ ఉన్నది. లైట్లయినయి, వచ్చి చూడే అని చెప్పిన. వచ్చింది. గడప కాడనే నిలబడి చేతులు చూసుకున్నది, పైకి చూసింది. 'నన్ను గూడ ఐసు మీద పెట్టి అమ్ముతవా ఏంది? గీ లైటు మారెదాక రాను' అని అదే ఆటోల వాపస్ పోయింది. ఆయితారం దావతున్నదన్నా. చుట్టాలందరికి చెప్పిన. భాగ్యమ్మ లేకుంట నేనేం మొఖం పెట్టుకోవాలె?"

వెంటనే బయల్దేరి వెళ్లి చూశాను. ఫాల్స్ సీలింగ్ అంచున వదిలే గాడిని మేం కోవ్ అంటాం. ఎల్ఈడీ స్ట్రిప్పు అందులో దాక్కుంటుంది, వెలుతురు మాత్రం సీలింగుకు తగిలి కిందికి జారుతుంది. యాదగిరి స్విచ్చు వేశాడు. అబ్బ! కళ్లలో నిమ్మకాయ పిండినట్టయింది. గోడ మీది బల్లి ముందుకాలు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

పొరపాటు ఎక్కడుందో అప్పుడు తెలిసింది. తన చేపల దుకాణంలో ఐసు మీద వేలాడదీసిన తెల్ల లైటునే అతను హాలు చుట్టూ తిప్పించాడు, ఆరువేల అయిదువందల కెల్విన్‌ది. కెల్విన్ అంటే లైటు రంగుకు కొలత. అంకె పెరిగితే వెలుతురు నీలం వైపు పోతుంది, తగ్గితే దీపం వైపు వస్తుంది.

"పసుపు లైటుల తాజా చేప గూడ నిన్నటి లెక్క కొడ్తదన్నా. గిరాకీ మొఖం తిప్పుకుంటడు."

"ఇంట్ల గిరాకీ ఎవ్వలు తమ్మీ?"

"అలవాటైంది. పసుపు లైటంటే నాకు దగా లెక్కనే కొడ్తది."

అంటే భాగ్యమ్మ రావాలంటే ముందు ఈయన మనసు మారాలి. అప్పుడు గుర్తొచ్చింది నాకు, నా దుకాణంలో ఉన్న వార్మ్ డిమ్ స్ట్రిప్పు! ఎగిరి గంతేశాను. శామీర్‌పేట చెరువులో అలలు లేచాయి. మామూలు స్ట్రిప్పును తగ్గిస్తే వెలుతురు మాత్రమే తగ్గుతుంది, రంగు మారదు, మొహాలు బూడిద పూసుకున్నట్టు ఉంటాయి. వార్మ్ డిమ్ అట్లా కాదు. నిండుగా వేస్తే మూడువేల కెల్విన్ దగ్గర ఉంటుంది, తగ్గిస్తూ పోతే పాత ఫిలమెంటు బల్బులా ఎర్రబడుతూ వచ్చి దీపం కాంతి దగ్గర ఆగుతుంది.

లైటును దుకాణంలో ఎంచుకోనివ్వను. పొద్దు గూకే వేళ ఆ ఇంట్లోనే ముక్కలు అతికించి చూపిస్తాను. మర్నాడు సాయంత్రం రెండు రకాల వార్మ్ డిమ్ ముక్కలు కోవ్‌లో టేపుతో అంటించాను. యాదగిరి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఒక బొచ్చె చేపను ఎత్తుకొచ్చాడు. దాని తలకాయే నా మూరెడు.

"గిదేంది తమ్మీ?"

"నేను లైటును నమ్మనన్నా. మొప్పను నమ్ముత. తాజాదైతే ఎర్రగుండాలె."

మొదటి ముక్క కింద మొప్ప ఎత్తి చూపించాడు. పాత బెల్లం రంగు. "చెప్పలే?" అన్నాడు గర్వంగా. రెండో ముక్క వెలిగించాను. యాదగిరి చేపను అటు తిప్పాడు, ఇటు తిప్పాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అరే! పసుపుల గూడ ఎర్రగనే ఉన్నదేందన్నా!"

రంగును ఉన్నదున్నట్టు చూపే గుణాన్ని మేం సీఆర్ఐ అంటాం. నూటికి ఎంత దగ్గరైతే అంత నిజం. మొదటి ముక్కకు అది తక్కువ, రెండోదానికి ఎక్కువ. దగా పసుపుది కాదని ఆ చేప సాక్ష్యం చెప్పింది.

"సరే, పెట్టు. గని చేపలు కడిగే గట్టు మీద నా తెలుపు నాకుండాలె," అని బేరం పెట్టాడు. వంటింటి అల్మారా కింద చిన్న తెల్ల స్ట్రిప్పుకు ఒప్పుకున్నాను.

ఇంటి కరెంటును స్ట్రిప్పుకు తగ్గట్టు మార్చే పెట్టెను డ్రైవరంటారు. డ్రైవరు, వెలుతురు తగ్గించి పెంచే డిమ్మరు, స్ట్రిప్పు ఒకదానికొకటి నప్పాలి, లేకపోతే లైటు కన్నుకొడుతుంది. మూడూ కుదిర్చి హాలంతా బిగించేసరికి శనివారం సాయంత్రమైంది. భాగ్యమ్మ వచ్చి గడప బయటే నిలబడింది, సంచి చంకలోనే ఉంది.

"చూసినంక మాట్లాడుతనన్నా. ఆటోను గూడ ఆగమన్న."

యాదగిరి ఒక చేత్తో రేపటి దావతుకు తెచ్చిన చేపను పట్టుకుని, రెండో చేత్తో డిమ్మరు తిప్పాడు. వెలుతురు దిగుతోంది, రంగు మారుతోంది, గోడలు మెత్తబడుతున్నాయి. భాగ్యమ్మ మొహంలోకి మెల్లగా రంగు తిరిగొచ్చినట్టయింది.

"ఏందే భాగ్యా, నువ్వు గింత సక్కగుంటవా?" అన్నాడు యాదగిరి.

ఆమె చేతులు చూసుకుంది, గోడలు చూసింది, అతన్ని చూసింది. "ముందుగాల గా చేపను తియ్యి, అడుగు పెడ్త," అంది. వెనక్కి తిరిగి ఆటోను పొమ్మంది.

అప్పటినుంచి నేను ఎవరికీ స్ట్రిప్పు చూపించి ఊరుకోను. ఇంట్లోవాళ్లను దాని కింద నిలబెట్టి ఒకరినొకరు చూసుకోమంటాను. ఇంట్లో లైటు వేసుకునేది వస్తువుల కోసం కాదు, మొహాల కోసం అని నాకు తెలిసింది అక్కడే.

ఇందులో కల్పించింది ఏదో కూడా చెప్పాలి. మొప్ప నిజం, ఆటో నిజం, బల్లి దాదాపు నిజం. యాదగిరి నోట నేను పెట్టిన ఆ 'గింత సక్కగుంటవా' మాట మాత్రం నాది. అతనైతే చేతిలో చేప జారి కొత్త టైల్స్ మీద పడినా వంగి తీయలేదు, ఆమెనే చూస్తూ ఉండిపోయాడు.