పుర్రచేతి టీచర్ పుస్తకం

కుట్టుపని నేర్పే ఆమెను వీధిలో అందరూ పుర్రచేతి టీచర్ అనేవారు. ఆ పేరుకు ఆమె ఏనాడూ కోపం తెచ్చుకోలేదు. చిన్నప్పుడు కుట్టు నేర్చుకోవడానికి వెళ్తే, నేర్పే ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని ఎంత చూపించినా చేతికి పట్టుబడలేదు. నీకు ఈ విద్య రాదులే అని పంపేయబోతే, ఆ పిల్ల లేచి వెళ్లి ఎదురుగా కూర్చుంది. అద్దంలో చూసినట్టు, ఆవిడ కుడిచెయ్యి ఎటు కదిలితే తన ఎడమచెయ్యి అటు కదిలింది. సాయంత్రానికల్లా కాజా కుట్టేసింది.

ముప్పై ఏళ్ల తరువాత తనలాంటివాళ్ల కోసం ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించింది. నలభై పేజీలు. కుడిచేత్తో ఫోను పట్టుకుని, సూది పట్టిన తన ఎడమచేతిని ఫోటోలు తీసుకుని, వాటిని చూస్తూ బొమ్మలన్నీ తనే గీసింది. రెండేళ్లు పట్టింది.

ఆ పుస్తకం వచ్చిన మరుసటి ఏడు, ఆమె దగ్గర నేర్చుకుంటున్న ఒక నర్సు కొత్త కుట్టుమిషను కొనుక్కుంది. ఆవిడదీ ఎడమచేతి వాటమే. మిషనుతో పాటు షాపువాళ్లు ఉచితంగా ఇచ్చిన పుస్తకాన్ని తెచ్చి టీచర్ ముందు పెట్టింది.

"ఇది మీ పుస్తకంలాగే ఉంది టీచర్. కానీ దీన్ని చూసి కుడుతుంటే నా రెండు చేతులూ పోట్లాడుకుంటున్నాయి."

టీచర్ పేజీలు తిప్పింది. మాటలన్నీ తనవే. "దారం అలిగితే లాగకండి, బుజ్జగించండి" అన్న వాక్యం కూడా పొల్లు పోకుండా ఉంది. బొమ్మలూ తనవే, కాకపోతే అన్నిటినీ అద్దంలోలా కుడి ఎడమలు తిరగేశారు. 'సూదిని ఎడమచేత్తో పట్టుకోవాలి' అన్న మాట పైన కుడిచేతి బొమ్మ ఉంది. తన పేరు మాత్రం ఎక్కడా లేదు. పేరు పోయినందుకు కడుపు మండింది. అంతకన్నా, ఈ పుస్తకం చూసి ఎవరో ఒకరు తనకు కుట్టు రాదని తీర్మానించుకుని సూది పక్కన పడేస్తారన్న ఆలోచన ఆమెను నిద్రపోనివ్వలేదు.

షాపుకు వెళ్లింది. షాపాయన మర్యాదగానే మాట్లాడాడు. ఇవన్నీ ఇంటర్నెట్‌లో దొరికేవే కదమ్మా అని నవ్వి, ఇంకో కొనుగోలుదారు వైపు తిరిగిపోయాడు. ఉత్తరం రాస్తే జవాబు లేదు.

ఆమె అన్నయ్య వద్దన్నాడు. "ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడట. ఎందుకే నీకీ గొడవ?"

"నేను కోర్టుకెళ్తానని ఎవరన్నారు?" అంది టీచర్.

రాతలు, బొమ్మలు, ఫోటోల మీద వచ్చే చిన్న తగాదాలను కూర్చోబెట్టి తీర్చే మధ్యవర్తుల కార్యాలయం ఒకటి ఉందని ఆమె అప్పటికే కనుక్కుంది. రెండు పక్షాలూ ఇష్టపడి వస్తేనే మాట్లాడిస్తారు. సంతకాలయ్యాక మాత్రం మాట తప్పడానికి వీల్లేదు. దరఖాస్తుకు తన చిత్తుబొమ్మలు, తేదీలతో ఉన్న ఫోటోలు జతచేసింది. మొదటి పిలుపుకు షాపాయన రాలేదు. కార్యాలయంవాళ్లు రెండోసారి పిలుపు పంపేటప్పుడు, దానితో తన ఉత్తరం కూడా పెట్టమంది. అందులో రెండే వాక్యాలు: 'మీ పుస్తకం ఏడో పేజీ చూసి ఒక్క కుట్టు కుట్టండి. కుట్టగలిగితే ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను.'

ఈసారి ఆయన వచ్చాడు. ముప్పై ఏళ్లుగా మిషన్లు అమ్ముతున్నవాడికి పౌరుషం ఉండదా?

చిన్న గది, గుండ్రటి బల్ల, గోడకు నెమ్మదిగా నడిచే గడియారం. మధ్యవర్తిగా కూర్చున్నది రిటైరైన లైబ్రేరియన్ ఒకావిడ. టీచర్ సంచిలోంచి గుడ్డముక్క, సూది, దారం తీసి బల్ల మీద పెట్టింది. మధ్యవర్తి ఏడో పేజీ పైకి చదువుతుంటే షాపాయన కుట్టడం మొదలుపెట్టాడు. మాట ఎడమ అంటే బొమ్మ కుడి అంది. సూదిని ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చాడు, మళ్లీ మార్చాడు. మూడో కుట్టుకు దారం చిక్కుపడింది, వేలికి సూది గుచ్చుకుంది. గుడ్డ బల్ల మీద పెట్టి, ఏడో పేజీని తన వైపు తిప్పుకున్నాడు.

"మీ పుస్తకంలో బొమ్మలు తిరగబడ్డాయనుకున్నానమ్మా," అన్నాడు చివరికి. "తప్పు సరిచేయించాననే అనుకున్నాను."

"అందరూ అలాగే అనుకున్నారండీ. అందుకే నేను పుస్తకం రాయాల్సి వచ్చింది."

అక్కడితో తేలిపోలేదు. పాత ప్రతులు పంచడం ఆపేస్తానని, కొత్తవి సరైన బొమ్మలతో వేయిస్తానని, ఇదివరకు తీసుకున్నవాళ్లకు కబురు పంపిస్తానని ఆయన ఒప్పుకున్నాడు. పేరు దగ్గర పేచీ వచ్చింది. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేస్తానన్నాడు. ఆమె అట్ట మీదే ఉండాలంది. పేరు బదులు ఎంతో కొంత ముట్టజెబుతానన్నాడు, ఆమె తల అడ్డంగా ఊపింది. ఆ ఒక్క మాట మీద ఇంకో రెండుసార్లు కూర్చున్నారు. మధ్యవర్తి ఇద్దరినీ విడివిడిగా కూడా పిలిచి మాట్లాడింది. మూడోసారి ఆయన అట్ట నమూనా పట్టుకొచ్చాడు. దాని మీద ఆమె పేరు ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదివి, ఎడమచేత్తో సంతకం పెట్టింది.

అచ్చుకు ముందు ప్రూఫులు చూపించాలని కూడా కాగితంలో రాయించుకుంది. మంచిదే అయింది, పదకొండో పేజీ బొమ్మను ప్రెస్సువాళ్లు మళ్లీ తిరగేశారు. వెనక్కి పంపింది.

కొత్త పుస్తకం వచ్చిన కొన్నాళ్లకు షాపాయన ఫోను చేశాడు. కుడిచేతి వాళ్లు కూడా ఇలాంటిది అడుగుతున్నారట, రాసిపెడతారా అన్నాడు.

"రాస్తానండీ," అంది టీచర్. "ముందు కాగితం రాసుకుందాం."