నాగప్ప పెడళ్ల పందెం

నాగప్పకు ఇద్దరు పెళ్లాలని జమ్మలమడుగు నేతవీధిలో వేళాకోళం చేసేవారు. ఒకరు అంజనమ్మ. రెండోది ఆయన మోపెడ్. పెడళ్లు తొక్కితే తప్ప స్టార్టు కాని పాతకాలపు బండి అది. దాని వెనక చీరల మూట కట్టుకుని గండికోట దారి పల్లెలన్నీ తిరిగి అమ్ముకోవడమే ఆయన బతుకు. ఇద్దరిలో పొద్దున్నే సతాయించేది మోపెడేనని ఆయన ఒప్పుకునేవాడు, అంజనమ్మ దగ్గరలో ఉన్నప్పుడు.

పోయినేడు నాపరాళ్ల లారీకి దారివ్వబోయి బండితో సహా కాలవలో పడ్డాడు. భుజం ఎముక విరిగింది. కట్టు విప్పిన నాడే అంజనమ్మ తీర్పు చెప్పేసింది.

"పాత సామాన్లోనికి చెప్పినా. సోమవారం వచ్చి బండి తీస్కపోతాడు. ఇంగ ఇంట్లో కూచోని మగ్గం నేసుకో."

"నేసిన చీరలు ఎవరమ్మాల?"

"షావుకారు కొంటాడులే. నువ్వు బతికుంటే చాలు."

నాగప్పకు మగ్గమంటే గౌరవమే కానీ, గుంతలో కాళ్లు పెట్టుకుని రోజంతా గోడను చూస్తూ కూర్చోవడం ఆయన వల్ల కాదు. పల్లెల్లో ఏ ఇంట ఏ కూర వండారో, ఏ కోడలు అలిగి పుట్టింటికి పోయిందో ఆయనకు తెలియాలి. చీరలు అమ్మడం అందుకో వంక. ఆ దారి లేకపోతే తానేమైపోతాడోనని లోపల నిజంగానే భయపడ్డాడు.

సరిగ్గా అప్పుడే టీ అంగడిలో భూపేష్ కలిశాడు. ప్రొద్దుటూరులో బైకుల అంగడి పెట్టిన రైతుబిడ్డ. తిండి లేకపోయినా ఉంటాడు గానీ బైకుల చరిత్ర చెప్పకుండా ఉండలేడు.

"నూరేళ్ల కిందటి మాట పెద్దాయనా. ఇంగ్లండు పక్కన ఒక దీవిలో రోడ్డు మింద మోటారుసైకిళ్ల పందెం పెట్టినారు. వేగమొకటే గాదు, ఇంత పెట్రోలుకు ఇంత దూరం పోవాలని కట్టడి. మిట్ట ఎక్కలేకపోతే పెడళ్లు తొక్కేటోళ్లు. ఆదివారం గండికోటకు మేమూ అట్లనే పెడతాండాం."

నాగప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. "ఆ దొరల బండ్లకు గూడా పెడళ్లు ఉండెనా?"

"శానా బండ్లకు ఉండె."

"మరి వాళ్ల ఆడోళ్లు పాత సామాన్లోనికి ఏస్తామనలేదా?"

"ఆ సంగతి చరిత్రలో రాయలేదు," అన్నాడు భూపేష్.

నాగప్ప ఇంటికొచ్చి, తానూ పందెంలో ఉంటానన్నాడు. అంజనమ్మ నవ్వి ఒక షరతు పెట్టింది. ఎవరూ తోయకుండా బండి కోట వాకిలి దాకా ఎక్కితే అమ్మదు. ఒక్క చెయ్యి పడినా సరే, అది పాత సామాన్లవాడిదే. ఎముకలు ఏరుకోవడానికి తాను ఆటోలో వెనకే వస్తానంది.

ఆదివారం పొద్దున భూపేష్ అందరి ట్యాంకులూ ఖాళీ చేయించి, తీర్థం పోసినట్టు తలా కాస్త పెట్రోలు పోశాడు. జెండా ఊపగానే కుర్రాళ్ల బైకులు దుమ్ము లేపుకుంటూ మాయమయ్యాయి. నాగప్ప పెడళ్లు తొక్కి, బండి దయతలచాక, నింపాదిగా బయల్దేరాడు.

అంతా బాగానే ఉండేది, ఆ హారను కొట్టకపోతే. మొదటి పల్లె రాగానే అలవాటు కొద్దీ బొటనవేలు దానంతటదే హారను నొక్కింది. చీరల నాగప్ప వచ్చాడని ఇళ్లలోంచి ఆడవాళ్లంతా బయటికొచ్చారు. పిలిచిన గిరాకీని దాటిపోతే ఆ ఊళ్లో మళ్లీ బోణీ కాదని నేతవాళ్ల నమ్మకం. పైగా లక్ష్మక్క బండికి అడ్డంగా నిలబడింది.

"యాడికి పోయినావన్నా ఇన్నాళ్లు? భుజం ఎట్లుండాది? నా కూతురి సీమంతానికి ఆకుపచ్చ చీర కావాల."

"పందెంలో ఉండానక్కా."

"పందెం యాడికి పోతాది? ముందు మజ్జిగ తాగు."

ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనని ఇంజన్ ఆపకుండానే మజ్జిగ తాగాడు. సీమంతం సంగతులన్నీ విన్నాడు. ఆ కాస్త తీర్థమూ అక్కడే ఆవిరైపోతోందని ఆయనకు తట్టలేదు. ఆటోలోంచి అంజనమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూస్తూనే ఉంది. ఇంట్లో నెలల తరబడి నోరు విప్పని మనిషి అక్కడ గలగలా మాట్లాడుతున్నాడు.

పల్లె దాటాక, ఆబగా ఉరికిన బైకులన్నీ పెట్రోలు అయిపోయి రోడ్డు పక్కన కనిపించాయి. వాటి నీడలో కుర్రాళ్లు సెల్ఫీలు తీసుకుంటున్నారు. నాగప్ప ఠీవిగా వాళ్లను దాటాడు. కోట వాకిలి కనిపించే మిట్టలో ఆయన బండీ దగ్గి ఆగింది.

పెడళ్లు తొక్కాడు. దొరలు తొక్కగా లేనిది తానెందుకు తొక్కలేననుకుని ఇంకా తొక్కాడు. విరిగిన భుజం సలిపింది. బండి నిలిచిపోయింది, ఆపై వెనక్కి జారడం మొదలుపెట్టింది. ఇక ఆ పల్లెల్లో తన హారను ఎవరూ వినరనుకుంటే నాగప్పకు ఏడుపొచ్చింది.

అంతలో బండి ముందుకు కదిలింది. అది అలా మెల్లగా కదులుతూ వాకిలి దాకా ఎక్కేసింది. వెనక్కి తిరిగి చూస్తే రొప్పుతూ అంజనమ్మ.

వాకిలి దగ్గర కాచుకుని ఉన్న భూపేష్ పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, మీరు తోసినారు. ఇది పందెంలో చెల్లదు."

"ఎవరు తోసినారప్పా? క్యారియర్లో నా కొంగు చిక్కుకునింది. ఇడిపించుకోవాలని దాని యెంబడే వచ్చినా."

ఆమె కొంగు నడుముకు బిగించి దోపుకుని ఉంది. భూపేష్ దాన్ని చూశాడు, ఆమె ముఖం చూశాడు, ఇక చరిత్ర మాట్లాడలేదు.

నాగప్ప గొంతు తగ్గించి అడిగాడు. "మరి రేపు పాత సామాన్లోడు?"

"వానితో నేను మాట్లాడుకుంటాలే. నువ్వు పోయి లక్ష్మక్కకు ఆకుపచ్చ చీర ఇచ్చిరా," అంది అంజనమ్మ. "లారీ వస్తే బండి దిగి నిలబడు."